ఎరుపు రంగు చేసిన పని

బెంగళూరు
ఆదివారం రాత్రి

ప్రియమైన జయా,

రెండు నెలలుగా జవాబు రాయలేదు, క్షమించు. అమ్మ కులాసా. ఇంటి అద్దె పెంచారు. వానలు తగ్గలేదు. మిగతావి తర్వాత, ముందు ఇది చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది!

గర్భనిరోధక మాత్రల్లో వాడే నోరెథిస్టిరోన్‌ను రొమ్ము క్యాన్సర్ కణాలకు వేసి, అవి ఎంత పెరుగుతాయో చూస్తున్నానన్నాను కదా. పళ్లెంలో మందు వేసిన గుంటల్లో పెరిగాయి. వేయని గుంటల్లోనూ అంతే పెరిగాయి! మూడుసార్లు చేశాను. మూడోసారి మైక్రోస్కోపు ముందే ఏడ్చేశాను.

మర్నాడు మా మేడం ఆ పళ్లేన్ని కిటికీ వెలుగుకు పట్టి, "ఈ రంగు ఎక్కడిది?" అన్నారు. కణాలకు పోసే ద్రవం దానిమ్మ రసంలా ఉంటుంది. అది పులిస్తే పసుపుకు తిరిగి మనకు తెలియాలని ఫినాల్ రెడ్ కలుపుతారు. ఆ రంగే ఈ కణాలను పెంచే ఆడ హార్మోను ఈస్ట్రోజన్‌లా పనిచేస్తుందని 1986లోనే బయటపడిందట! అంటే మందు వేయని కణాలకూ రోజూ హార్మోను తాగిస్తున్నానన్నమాట. ఎరుపు మనకు అచ్చిరాదని గుంటూరు బస్సులో నువ్వన్న మాట గుర్తొచ్చింది.

రంగు లేని ద్రవం తెప్పించాను. అందులో కలిపే సీరం, అంటే రక్తం నుంచి తీసిన ద్రవంలోని హార్మోన్లను బొగ్గుపొడితో తీసేశాను. గురువారం చూస్తే మందు లేని గుంటల్లో అక్కడొకటి, ఇక్కడొకటి. నోరెథిస్టిరోన్ వేసినచోట గులకరాళ్లు పరిచినట్టు ఒత్తుగా! ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోను పని చేయడానికి తయారైన మందు, మోతాదు పెరిగితే కణంలో ఈస్ట్రోజన్‌ను అందుకునే గ్రాహకాన్నీ తట్టిలేపుతుంది.

ఇది చదివి మాత్రలు పారేయకు, నీ కంగారు నాకు తెలుసు. పళ్లెం వేరు, ఒళ్లు వేరు. డెన్మార్క్‌లో సుమారు 18 లక్షల మంది స్త్రీలను పరిశీలించి 2017లో ప్రకటించిన లెక్క ప్రకారం, హార్మోన్ గర్భనిరోధకాలు వాడేవారికి రొమ్ము క్యాన్సర్ ముప్పు 20 శాతం ఎక్కువ. వినగానే గుండె జారుతుంది. కానీ 7,690 మంది ఏడాదిపాటు వాడితే అదనంగా వచ్చేది ఒక్కరికి. అండాశయ క్యాన్సర్ ముప్పయితే తగ్గుతుంది కూడా. మీ పిన్ని సంగతి మాత్రం డాక్టరుకు తప్పక చెప్పు. చెబుతావు కదూ?

ఇంకొకటి. ఈ కణాలు ఎవరివో తెలుసా? అమెరికాలోని మిషిగన్‌లో సిస్టర్ కేథరిన్ ఫ్రాన్సెస్ అనే సన్యాసినివి. ఆమె 1970లోనే పోయారు. ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిలోంచి తీసిన ఆ కణాలు ఇవాళ్టికీ పెరుగుతున్నాయి. పెళ్లీ పిల్లలూ వద్దనుకున్న ఆవిడ కణాల వల్లే మన మాత్రల గురించి ఇంత తెలిసిందంటే... ఆ పళ్లెం తెరిచేటప్పుడల్లా నాకు...

అయ్యో, పదిన్నరైంది, ద్రవం మార్చాలి. మిగతాది రేపు రాస్తాను.

నీ
రాధ