సత్తిగాడికి, లీటర్ల లెక్క గురించి

ఒరేయ్ సత్తీ,

తిట్టుకో, పడతాను. నీ కవరు వచ్చి చాలా రోజులైంది, జవాబు మాత్రం ఇప్పటికి కుదిరింది. అమ్మ మోకాలు కాస్త నయం, పాపకి పరీక్షలు, నా బదిలీ ఫైలు ఏ బల్ల మీద నిద్రపోతోందో దేవుడికే ఎరుక. ఇంటి కబుర్లకి ఇంతకంటే చోటు లేదు, ఎందుకంటే నీ ఎస్టిమేటు చదివాక నాకు నిద్ర పట్టట్లేదు.

"ఫాగ్ స్ప్రే, చదరపు మీటరుకి 0.6 లీటర్లు" అని రాసి ఊరుకున్నావు. పాత రోడ్డు మీద ఎమల్షన్‌ని (నీళ్లలో సన్న బొట్లుగా కలిపిన తారుని) పలచగా చల్లే పూతకి అంతేనా రాసేది? దేని 0.6 లీటర్లురా? డ్రమ్ములోంచి దిగిన ఎమల్షనా, నీళ్లు కలిపాక ట్యాంకులో ఉన్నదా? నీ రోడ్డు 3.75 మీటర్ల వెడల్పు కదా. కిలోమీటరుకి 3,750 చదరపు మీటర్లు, అంటే 2,250 లీటర్లు. నీళ్లు కలపకపోతే 200 లీటర్ల డ్రమ్ములు పదకొండు దాటతాయి. చెరిసగం నీళ్లు కలిపితే ఆరు కూడా పూర్తిగా పట్టవు. కాంట్రాక్టరు ఏ లెక్కన కొని ఏ లెక్కన బిల్లు పెడతాడో ఊహించుకో! ఎస్ఎస్-1 అనే నెమ్మదిగా విరిగే (అంటే తారూ నీళ్లూ విడిపోయే) గ్రేడు ఎమల్షన్‌లో తారు కనీసం 50 శాతం ఉండాలని భారత ప్రమాణం ఐఎస్ 8887 చెబుతుంది. కలపకుండా కొడితే మీటరుకి సుమారు 300 గ్రాముల తారు మిగులుతుంది, చెరిసగం కలిపితే 150. మన హాస్టల్ సాంబారు రెండో బకెట్టు గుర్తుందిగా, ఎన్ని గరిటెలు పోశాడన్నది కాదు, పప్పు ఎంత పడిందన్నదే లెక్క. కాబట్టి ఎస్టిమేటులో మూడూ రాయి: ఏ గ్రేడు, నీళ్ల పాలెంత, ఎండాక మీటరుకి ఎన్ని గ్రాముల తారు మిగలాలి.

అసలు 0.6 ఎక్కడిది? పక్క మండలం ఎస్టిమేటు నుంచి దింపావు కదూ? కేంద్ర రోడ్డు రవాణా శాఖ (మోర్త్) నిబంధనల పుస్తకం 0.5 నుంచి 1.0 దాకా చోటిచ్చింది, ఎందుకంటే రోడ్డు రోడ్డుకీ దాహం వేరు. బిగుతైన బీసీ (బిటుమినస్ కాంక్రీట్) ఉపరితలం కొంచెమే పీలుస్తుంది. మన ఊళ్ల ప్రీమిక్స్ కార్పెట్ (తారు కలిపిన సన్న రాయి పొర) పైన సీల్ కోటు (దాన్ని మూసే పూత) అరిగి తెరుచుకుంటే బాగా పీలుస్తుంది. చాక్‌పీసుతో ఒక మీటరు చదరం గీసి, కలిపిన ఎమల్షన్ ఒక లీటరు సమంగా పోసి చూడు. రెండు మూడు నిమిషాల్లో ఇంకకపోతే ఎక్కువైనట్టే, పక్కనే కొత్త చదరం గీసి తగ్గించి పోసి చూడు. ఇంకా కావాలన్నట్టుంటే పెంచు. చక్రాల దారిలో ఒకటి, మధ్యలో ఒకటి, అంచున ఒకటి వేరువేరుగా చేయి. రోడ్డు తన కెపాసిటీ తెలిసే తాగుతుంది, మన ప్రకాశంగాడిలా కాదు.

డ్రమ్ముల సంగతి. టాక్ కోటు (పాత పొరకి కొత్త పొర అంటుకోవడానికి కొట్టే పూత) కోసం తెచ్చి మిగిలిన ఆర్ఎస్-1 డ్రమ్ములు నీ షెడ్డులో ఉన్నాయని రాశావు. వాటి జోలికి పోకు. అది త్వరగా విరిగే రకం, నీళ్లు పోస్తే ట్యాంకులోనే విరిగి ముద్ద కట్టి నాజిళ్లన్నీ మూసేస్తుంది. పలచన చేయడానికి నెమ్మదిగా విరిగే ఎస్ఎస్ రకమే పనికొస్తుంది. అది కూడా చాలాకాలం కదలకుండా ఉంటే తారు అడుగున చేరుతుంది, మూత తీసేముందు డ్రమ్ముని అటూ ఇటూ దొర్లించాలి. నీళ్లే ఎమల్షన్‌లో పోయాలి, ఎమల్షన్‌ని నీళ్లలో కాదు. ఈ మాట కూలీల మేస్త్రీకి రెండుసార్లు చెప్పు, ఎలాగూ మూడోసారి తలకిందులు చేస్తాడు. నీ బోరు నీళ్లు దానికి పడతాయో లేదో ముందు బకెట్లో చూడు. కలిపి రెండు మూడు నిమిషాలు తిప్పి, తడిపిన సన్న జల్లెడలో (150 మైక్రాన్లది) వడకట్టు. ముద్దలు మిగిలితే వేరే నీళ్లు తెప్పించు. కలిపింది ఆ రోజుకారోజే వాడెయ్యాలి, మర్నాటికి దాచకు.

ఇంకో సంగతి, ఇది నువ్వు మీ సర్పంచికి కూడా చెప్పాలి. దీనివల్ల రోడ్డు బలం ఒక్క ఇసుమంత పెరగదు. ఎండకీ గాలికీ తారులోని నూనెలు తగ్గి పైపొర పెళుసెక్కుతుంది, నలుపు పోయి బూడిద రంగు తిరుగుతుంది, సన్న రాయి ఊడటం మొదలవుతుంది. ఆ దశలో, 3 మిల్లీమీటర్లలోపు పగుళ్లున్నప్పుడు, నీళ్లు లోపలికి దిగకుండా పూత వేస్తున్నాం, అంతే. అదీ ఒకటి రెండేళ్ల మాట. మొసలి చర్మంలా పగిలిన చోట, చక్రాల దారులు కుంగిన చోట కొడితే డబ్బు మట్టిపాలు. గుంతలు ముందు పూడ్చి ఆ తర్వాతే స్ప్రే. ఎండకి తారు పైకి తేలి మెరిసే ముక్కల్ని పూర్తిగా వదిలెయ్, అక్కడ ఇంకా తారేస్తే బైకులు జారతాయి.

ఇక నీ అసలు శత్రువు వడ్లు! రబీ కోత, నీ పని, రెండూ ఏప్రిల్ మేలోనే. రోడ్డు మీద వడ్లు ఆరబోశాక పొట్టు, తాలు, దుమ్ము పగుళ్లలో కూరుకుపోతాయి. చీపురుతో అది పోదు, కంప్రెసర్ గాలితో ఊదాలి. పేడ అట్టకట్టిన చోట గీకాలి. దుమ్ము మీద కొట్టిన ఎమల్షన్ దుమ్మునే పట్టుకుంటుంది, రోడ్డుని కాదు. పని ముందు ఊళ్లో దండోరా వేయించు, లేకపోతే స్ప్రే చేసిన సాయంత్రమే ఎవరో బస్తాలు విప్పుతారు, వాళ్ల ధాన్యమూ పాడు, నీ పూతా పాడు. అకాల వర్షాల కబురు కూడా చూసుకో, ఆరకముందు వాన పడితే అంతా కాలవలోకే.

కొట్టేటప్పుడు సగం వెడల్పే. మొదలూ చివరా కాగితం పరిచి దాని మీద స్ప్రే బార్ (నాజిళ్లున్న గొట్టం) తెరిచి మూయించు, లేకపోతే అతుకు దగ్గర రెట్టింపు పడుతుంది. చారలు చారలుగా వస్తోందంటే నాజిల్ మూసుకుపోయిందన్నా అనుకో, బార్ ఎత్తు తప్పిందన్నా అనుకో. ఎమల్షన్ గోధుమరంగు మొత్తం నల్లబడేదాకా బండి వదలకు. మంచి ఎండలో రెండు గంటలు చాలొచ్చు, గడియారం కాదు చూడాల్సింది, వేలుకి అంటుతోందా లేదా అని. వంపుల్లో, బడి ముందు, స్పీడ్ బ్రేకర్ దగ్గర 3 మిల్లీమీటర్లలోపు గ్రిట్ (సన్న రాతి రవ్వ) పలచగా చల్లించు. దానికి బరువులో 2 శాతం ఎమల్షన్ ముందే పట్టించి కనీసం వారం ఆరబెట్టాలి, కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టు. కాంట్రాక్టరు క్రషర్ డస్ట్ తెస్తానంటాడు, ఒప్పుకోకు. అది ఎమల్షన్‌ని తాగేసి పెచ్చుగా లేస్తుంది.

అన్నట్టు నీ అంచుల ఫొటో చూశాను. బెర్మ్ (రోడ్డు పక్క మట్టి అంచు) రోడ్డుకంటే ఎత్తుగా ఉందిరా, నీళ్లు అక్కడే నిలుస్తాయి, పైన ఎంత పూత పూసినా పక్కనుంచి... జీపు వచ్చింది, హారన్ మోగుతోంది. బెర్మ్ సంగతి ఫోన్లో.

నీ
బాబ్జీ