జనం ఒప్పుకోరన్న సాకు వద్దు: గృహనిర్మాణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఇల్లు లేనివాళ్ల కోసం తక్కువ అద్దె ఇళ్లు కట్టాలన్న ప్రతిపాదన మళ్లీ ఆగిపోయింది. ఎందుకని అడిగితే మీ అధికారులు చెప్పేది ఒక్కటే: చుట్టుపక్కల జనం ఒప్పుకోవడం లేదు. స్థలం ఉంది, ప్లాన్ ఉంది. కాలనీల వాళ్లు సంతకాలు పెట్టి ఇచ్చారని ఫైలు మూసేశారు. నేను ఒక రాత్రి ఆశ్రయంలో పనిచేస్తాను. ఆ సంతకాలు పెట్టినవాళ్ల మీద నాకు కోపం లేదు. నా ఫిర్యాదు ప్రభుత్వం మీదే. ఇలాంటి ఇళ్ల గురించి జనం ఏమనుకుంటారన్నది చాలావరకు ప్రభుత్వం వాటిని ఎలా కడుతుంది, కట్టాక ఎలా చూసుకుంటుంది అన్నదాన్ని బట్టే ఉంటుంది.

కాలనీ వాళ్లతో పెట్టిన సమావేశానికి నేనూ వెళ్లాను. లేచి మాట్లాడినవాళ్లలో చాలామంది "పాపం, వాళ్లకూ ఇల్లు కావాలి, కానీ ఇక్కడ వద్దు" అన్నారు. తాగుబోతులు వస్తారన్నారు, ఇళ్ల రేట్లు పడిపోతాయన్నారు. ఇవన్నీ ఎప్పుడూ వినేవే. చివర్లో ఒక పెద్దాయన లేచి, "కట్టేది మీరు. ఐదేళ్ల తర్వాత లిఫ్ట్ పాడైతే, డ్రైనేజీ పొంగితే ఎవరికి ఫోన్ చేయాలి?" అని అడిగారు. వేదిక మీదున్న అధికారి కాగితాలు తిరగేశారే తప్ప జవాబు చెప్పలేదు. ఆ క్షణంలో హాలు మొత్తం వ్యతిరేకంగా తిరిగింది. అంతవరకూ ఊగిసలాడినవాళ్లు కూడా సంతకాలు పెట్టారు. దాన్ని పేదలంటే పడకపోవడం అని ఎలా అంటాం? ప్రభుత్వం కట్టి వదిలేస్తుందన్న అనుభవం నుంచి వచ్చిన భయం అది.

ఆ భయానికి చరిత్రలో ఆధారం ఉంది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ప్రూయిట్-ఐగో అనే భారీ గృహ సముదాయానికి 1954లో జనం వచ్చి చేరారు. పదకొండేసి అంతస్తుల భవనాలు 33. నిర్వహణ ఖర్చంతా అద్దెల్లోంచే రావాలన్నారు, అద్దెకున్నవాళ్లేమో నానాటికీ మరింత పేదవాళ్లయ్యారు. లిఫ్టులు ఆగిపోయాయి, పైపులు పగిలాయి, ఖాళీ చేయగలిగినవాళ్లు ఖాళీ చేశారు. 1972లో కూల్చివేత మొదలైంది. పేలుళ్లతో భవనం కుప్పకూలే ఆ దృశ్యాలు చూసి "పేదలకు ఇల్లిస్తే ఇంతే" అన్న మాట లోకమంతా పాకింది. నిర్వహణకు డబ్బు పెట్టని తప్పు అందులో ఉండేవాళ్ల మెడకు చుట్టుకుంది.

దీనికి పూర్తిగా భిన్నమైన నగరం ఆస్ట్రియా రాజధాని వియన్నా. 1920ల్లో మొదలుపెట్టి 1934 లోపే అక్కడి నగరపాలక సంస్థ 60 వేలకు పైగా ఇళ్లు కట్టింది. 1930లో ప్రారంభమైన కార్ల్ మార్క్స్ హోఫ్ అనే గృహ సముదాయం కిలోమీటరుకు పైగా పొడవుంటుంది. లోపల తోటలు, బట్టలుతికే గదులు, లైబ్రరీ, చిన్నపిల్లల బడి ఏర్పాటు చేశారు. ఈనాటికీ వియన్నాలో దాదాపు సగం మంది నగరపాలక ఇళ్లలోనో, ప్రభుత్వ సాయంతో లాభాపేక్ష లేకుండా నడిచే ఇళ్లలోనో ఉంటారు. నా ఉద్దేశంలో అసలు కీలకం ఆదాయ పరిమితి. దాన్ని బాగా ఎత్తున పెట్టారు కాబట్టి మధ్యతరగతి వాళ్లూ అర్హులే. జీతం పెరిగిందని ఎవరినీ ఖాళీ చేయించరు. టీచరు, బస్సు డ్రైవరు, పింఛనుదారు ఒకే మెట్లు ఎక్కే చోట అడ్రస్ చెప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. అత్యంత పేదవాళ్లనందరినీ తీసుకెళ్లి ఒకే చోట, ఊరవతల పెడితే ఆ పేరు చెప్పగానే ఉద్యోగం కూడా రాదు.

ఇక ఇల్లు లేనివాళ్ల మీద ఉన్న అనుమానం సంగతి. జనానికి కనిపించేది ఫుట్‌పాత్ మీద తాగి పడిపోయిన మనిషి. చుట్టాల ఇంట్లో హాల్లో సర్దుకునే కుటుంబం కనిపించదు. మా ఆశ్రయానికి వచ్చే ఒకావిడ ఆఫీసులు ఊడ్చి తుడిచే పనికి తెల్లారకముందే బయల్దేరుతుంది. ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే ప్లగ్ పక్కనే పడుకుంటుంది, ఎందుకంటే దానికి కాల్ వస్తేనే మర్నాడు పని. ఇంటి కోసం ఆమె దరఖాస్తు నింపుతుంటే పక్కన కూర్చున్నాను. పేరు రాయగానే వచ్చిన గడి "ప్రస్తుత చిరునామా". దానికి ప్రూఫ్ జతచేయాలట. ఆమె పెన్ను మూత పెట్టేసి, "ఇది మనకు కాదులేమ్మా" అంది.

కెనడాలోని వాంకూవర్ ప్రాంతంలో ఇల్లు లేని 50 మందికి షరతులేవీ లేకుండా తలా 7,500 కెనడా డాలర్లు ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2023లో అచ్చయ్యాయి. ఇలాంటివాళ్లు డబ్బును తాగుడుకు తగలేస్తారని సర్వేలో పాల్గొన్న జనం ఊహించారు. అలాంటి ఖర్చు పెరగలేదు, వాళ్లు ఇల్లు లేకుండా గడిపిన రోజులు తగ్గాయి. తీవ్రమైన వ్యసనాలు, మానసిక సమస్యలు ఉన్నవాళ్లను ఆ ప్రయోగంలోకి తీసుకోలేదు, ఆ మాటా చెప్పాలి. కానీ అలాంటివాళ్ల విషయంలోనూ ఇల్లే ముందన్న పద్ధతి ఉంది. న్యూయార్క్‌లో 1992లో మొదలైంది. ముందు తాగుడు మాను, తర్వాత ఇల్లిస్తాం అనకుండా, ముందు తాళంచెవి చేతికిచ్చి తర్వాత వైద్యం, తోడు అందిస్తారు.

ఫిన్లాండ్ 2008 నుంచి ఈ 'ఇల్లే ముందు' పద్ధతిని జాతీయ విధానంగా అమలు చేసింది. హెల్సింకీలో 250 పడకల హాస్టల్‌ను 81 విడి ఇళ్లుగా మార్చారు. అద్దె ఒప్పందం ఇంట్లో చేరినవాళ్ల పేరు మీదే, అద్దె కట్టేదీ వాళ్లే, అవసరమైనవాళ్లకు ప్రభుత్వం అద్దెసాయం ఇస్తుంది. అక్కడా చుట్టుపక్కల వాళ్లు అభ్యంతరం చెప్పారు. సిబ్బంది ఇరుగుపొరుగుతో మాట్లాడుతూ వచ్చారు, ఇళ్లలో చేరినవాళ్లు వీధుల్లో శుభ్రత పనుల్లో పాల్గొన్నారు. 1980ల్లో దేశంలో 15 వేలు దాటిన నిరాశ్రయుల సంఖ్య 2023 నాటికి సుమారు 3,400కు దిగింది. 2024లో మళ్లీ కొంత పెరిగింది. ప్రభుత్వం చేయి తీసేస్తే ఆ తగ్గుదలా నిలవదు.

ఇళ్లివ్వడానికి బదులు ప్రభుత్వాలు తరచూ చేసేది మరొకటి. ఇంగ్లండ్‌లో 1824లోనే బయట పడుకోవడాన్ని నేరం చేశారు. 2024లో అమెరికా సుప్రీంకోర్టు గ్రాంట్స్ పాస్ అనే పట్టణం కేసులో, బహిరంగ స్థలాల్లో పడుకున్నందుకు నగరాలు జరిమానా వేయవచ్చంది. పార్కు బెంచీ మధ్యలో ఎవరూ నడుం వాల్చకుండా బిగించిన ఇనుప కడ్డీని మీరూ చూసే ఉంటారు. దాన్ని రోజూ చూస్తూ పెరిగే పిల్లలకు, ఈ మనుషులను తరిమేయాలని ప్రభుత్వమే చెబుతున్నట్టు కదా!

కాబట్టి అయ్యా, ఫైలు మళ్లీ తెరవండి. ఈసారి నిర్వహణకు విడిగా నిధి పెట్టి, దాన్ని చూసుకునే మనిషి పేరు, ఫోన్ నంబరు మొదటి రోజే కాలనీ వాళ్లకు ఇవ్వండి. రకరకాల ఆదాయాల వాళ్లకు అదే భవనంలో చోటివ్వండి. వచ్చే సమావేశంలో వేదిక మీద మీరే కూర్చోండి, కింది అధికారిని పంపి ఊరుకోకండి. ఇవన్నీ నెలల పని అని నాకు తెలుసు. దరఖాస్తులో చిరునామా ప్రూఫ్ తీసేసి, ఆశ్రయం ఇచ్చే ధ్రువీకరణ చాలని చెప్పడానికి మాత్రం ఒక్క ఉత్తర్వు సరిపోతుంది. ఈ వారమే దాని మీద సంతకం చేయమని కోరుతున్నాను.

ఇట్లు,
రాత్రి ఆశ్రయంలో పనిచేసే ఒక కార్యకర్త