రిటైరైన ప్లీడర్లకు ఒక బల్ల వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను గుంటూరు జిల్లాలో 41 ఏళ్లుగా సివిల్ కేసులు చూస్తున్న న్యాయవాదిని. వచ్చే ఉగాదికి ప్రాక్టీస్ మానేద్దామని నిర్ణయించుకున్నాను. మోకాళ్లు కోర్టు మెట్లు ఎక్కనివ్వడం లేదు. కళ్లు, జ్ఞాపకం మాత్రం బాగానే ఉన్నాయి. నాలాంటివాళ్లు దాదాపు ప్రతి బార్ అసోసియేషన్‌లోనూ ఉంటారు. వీళ్లను పేదల పనికి వాడుకోమని అడగడానికే ఈ ఉత్తరం.

మొన్న వేసవిలో ఒక పెద్దావిడ మా ఇంటికొచ్చింది. చేతిలో బట్టల షాపు కవరు. అందులో పట్టాదారు పాస్‌బుక్ జిరాక్సు, భర్త డెత్ సర్టిఫికెట్, రెండు కరెంటు బిల్లులు, అన్నిటికంటే అడుగున నాలుగు మడతలు పెట్టిన కోర్టు కాగితం. మరిది కొడుకులు వేసిన దావాలో ఈవిడ హాజరు కాలేదని ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ఈవిడ మాట వినకుండానే తీర్పు, అయిపోయింది. సమన్లు వచ్చిన రోజున బ్యాంకు కాగితం అనుకుని వేలిముద్ర వేసి బీరువాలో పెట్టేసిందట. ఆ డిక్రీని రద్దు చేయమని 30 రోజుల్లో పిటిషన్ వేసుకోవాలి. ఆవిడ నా దగ్గరకు వచ్చింది 27వ రోజున. ఆ రాత్రే కూర్చుని పిటిషన్ తయారు చేసి మర్నాడు దాఖలు చేశాం. కానీ ఆవిడ అప్పటికే ఆ కవరు పట్టుకుని మూడు చోట్లకు తిరిగింది. అడుగున ఉన్న కాగితాన్ని ఒక్కరూ తీసి చదవలేదు. పది నిమిషాల పని అది. ఉదయం పదిన్నరకు వాయిదాల మీద ఉరుకుతున్న ప్లీడరుకు ఆ పది నిమిషాలు దొరకవు. మాకు దొరుకుతాయి.

ఉచిత న్యాయ సహాయం చట్టంలో లేక కాదు. దాని కోసం రాజ్యాంగంలో 39ఎ అధికరణ 1976లో వచ్చింది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పిల్లలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయం ఎంతన్నది చూడకుండానే లాయరును పెట్టాలి. న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసినా చెబుతారు. అయితే ఇదంతా తలుపు తట్టినవాళ్లకే. తన చేతిలో ఉన్నది కోర్టు కాగితమని తెలియని మనిషి ఏ తలుపు తడుతుంది?

సబ్‌జైళ్లలోనూ పని ఉంది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపేస్తే బెయిల్‌పై వదలాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, వేరే కేసులు కూడా పెండింగ్‌లో ఉన్నవారికి ఇది వర్తించదు. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టుకు రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. ఆ లెక్క ఎవరికీ తప్పిపోకుండా నెలకోసారి రిజిస్టరు ముందు కూర్చుని, ఒక్కో పేరుకూ రోజులు లెక్కేసి చెప్పే మనిషి కావాలి. బెయిలొచ్చినా జామీనుదారులు లేక ఉండిపోయినవాళ్ల ఊరికి ఫోన్ చేసే మనిషి కావాలి. దీనికి నల్లకోటు అక్కర్లేదు.

ఇక్కడే ఒక చిక్కు. ఎన్‌రోల్‌మెంట్ (బార్ కౌన్సిల్‌లో నమోదు) వదులుకున్నవాళ్లు కోర్టులో వాదించకూడదు. అది సబబే. దాంతో పాటు మా పేరు అన్ని జాబితాల్లోంచీ పోతోంది. కాగితం చదివి చెప్పడానికి, అర్జీ రాసిపెట్టడానికి, అన్నదమ్ములను కూర్చోబెట్టి రాజీ కుదర్చడానికి వకాలత్ ఎందుకు? పారాలీగల్ వాలంటీర్లుగా, అంటే జనానికి న్యాయ సహాయం అందేలా తోడ్పడే కార్యకర్తలుగా, రిటైరైన టీచర్లను, ఉద్యోగులను తీసుకుంటున్నారు. జీవితమంతా ఈ కాగితాల మధ్యే గడిపిన మమ్మల్ని కూడా పిలవండి.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు రిటైరైన, రిటైర్ కాబోతున్న న్యాయవాదుల పేర్లతో ఒక జాబితా తయారు చేయాలి. తహసీల్దార్ ఆఫీసు దగ్గర గానీ, కోర్టు ఆవరణలో గానీ వారానికో రోజు కూర్చోబెట్టాలి. ఈ-ఫైలింగ్, ఫోన్ యాప్‌లు అంటే మాలో చాలామందికి టెన్షన్, అందుకని పక్కన ఒక లా విద్యార్థిని కూర్చోబెడితే ఇద్దరికీ మేలు. ఒక కట్టుబాటు మాత్రం గట్టిగా ఉండాలి. అక్కడికొచ్చిన కేసును తన కొడుకుకో, పాత జూనియర్‌కో మళ్లించినవాళ్ల పేరు ఆ రోజే కొట్టేయాలి. ఈ భయం వల్లే కుర్ర ప్లీడర్లు మమ్మల్ని అనుమానంగా చూస్తారు, వాళ్లను తప్పుపట్టలేను.

జీతం అడగడం లేదు. బస్సు చార్జీ ఇస్తే సంతోషం, ఇవ్వకపోయినా వస్తాం. నా పుస్తకాలన్నీ ఇప్పటికే జూనియర్‌కి ఇచ్చేశాను. ఉగాది తర్వాత నాకు మంగళవారాలు ఖాళీ. ఒక బల్ల, రెండు కుర్చీలు ఎక్కడ వేస్తారో చెబితే కళ్లజోడు తెచ్చుకుని కూర్చుంటాను.

- ఒక న్యాయవాది, గుంటూరు జిల్లా