త్రింకోమలిలో ఓడ ఎందుకు ఆగలేదు, నేను మీకు ముందే ఎందుకు చెప్పలేదు

పాలమూరు, జడ్చర్ల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి ఏళ్లుగా మన బస్సుల్లో యాత్రలకు వస్తున్న అందరికీ నమస్కారం.

కార్తీకంలో చెన్నై నుంచి శ్రీలంకకు ఓడలో తీసుకెళ్లిన ముప్పై ఎనిమిది మంది సంగతి ఇది. శాంకరీ దేవి దర్శనం చేయిస్తానని తీసుకెళ్లాను, దర్శనం కాలేదు. ఓడ హంబన్‌తోటలో ఆగింది, త్రింకోమలిలో ఆగలేదు, చివరికి చెన్నైకి కూడా పద్నాలుగు గంటలు ఆలస్యంగా వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఊళ్లో తలా ఒక మాట అంటున్నారు. "డబ్బులు తీసుకొని సముద్రం చూపించి తోలుకొచ్చిండు" అన్న మాట న్యూటౌన్‌లో టీ తాగుతుంటే నా చెవినే పడింది. పదిహేడేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. కాశీలో రద్దీ ఉన్నా, గౌహతిలో రైలు తొమ్మిది గంటలు లేటయినా, ఒక్కరిని కూడా దర్శనం లేకుండా వెనక్కి తేలేదు. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, ఇందులో నా తప్పు కూడా ఉంది, అదీ రాస్తున్నాను.

మన దగ్గర చాలామంది పెద్దవాళ్లు శక్తిపీఠాలు ఒక్కొక్కటీ చూసుకుంటూ వస్తున్నారని మీకు తెలుసు. పద్దెనిమిది పీఠాల వరుసలో మొదటి పేరు లంకలోని శాంకరీ దేవిదే, ఐదో పేరు మన అలంపురం జోగులాంబది. శాంకరీ దేవి గుడి త్రింకోమలిలో సముద్రం ఒడ్డున కొండ మీద, కోనేశ్వరస్వామి సన్నిధిలో ఉంటుంది. పాత గుడిని పోర్చుగీసువాళ్లు కూల్చేశారు, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. విమానమంటే భయపడే వాళ్లు, మోకాళ్ల నొప్పులతో రోడ్డు మీద అంత దూరం కూర్చోలేని వాళ్లు ఓడ అనగానే సంతోషంగా పేరు రాయించుకున్నారు. గదిలోనే పడుకోవచ్చు, పొద్దున లేచేసరికి ఊరొస్తుంది. నేనూ అలాగే చెప్పి అమ్మాను.

మొదటి తప్పు నెల ఎంచుకోవడంలోనే జరిగింది. కార్తీకంలో దర్శనం అంటే పుణ్యమని మీలో చాలామంది అడిగారు, నేను సరే అన్నాను. మన పాలమూరులో వానలంటే మృగశిర నుంచి మొదలై దసరాకి తగ్గిపోయేవే కదా, కార్తీకానికి ఆకాశం శుభ్రంగా ఉంటుంది, నా లెక్క కూడా అదే. కానీ చెన్నై తీరానికి, శ్రీలంక తూర్పు ఒడ్డుకి అసలు వానాకాలం అప్పుడే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాటితో పాటే బంగాళాఖాతంలో తుపాన్లు. 2023 డిసెంబరులో మిచాంగ్‌కి చెన్నై మునిగింది, 2024 నవంబరు ఆఖరులో ఫెంగల్ పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఇవన్నీ టీవీలో చూసినవాడినే, మన టూరుకి అన్వయించుకోలేదు. పైగా రామసేతువు వైపు సముద్రంలో లోతు లేదు కాబట్టి పెద్ద ఓడ ఏదైనా శ్రీలంకను తూర్పు వైపు నుంచే చుట్టి పోవాలి, అంటే పోవడం, రావడం రెండూ ఆ గాలివాటు వైపే.

ఇక అసలు విషయం. నెల రోజులుగా నన్ను తినేస్తున్నది ఇదే.

శనివారం రాత్రి బస్సు బయలుదేరింది. భూత్పూర్ దగ్గర హైవే ఎక్కే ముందు టీకి ఆపాం. అందరూ లోపల అమ్మవారి పాటలు పాడుతున్నారు. నేను కిందికి దిగి ఫోన్ చూస్తే వార్త ఉంది: నైరుతి బంగాళాఖాతంలో అల్పపీడనం, రెండు రోజుల్లో వాయుగుండంగా బలపడే అవకాశం. వెంటనే చెన్నై ఏజెంటుకి ఫోన్ చేశాను. ఓడలో గదులు మనకు ఇప్పించింది అతనే. "అల్పపీడనాలు వస్తుంటాయి సార్, పెద్ద ఓడకి ఏం కాదు, త్రింకోమలి పక్కా" అన్నాడు. ఆ మాట పట్టుకుని కూడా నాకు ధైర్యం రాలేదు. బస్సు మెట్టు మీద కాలు పెట్టి అలాగే చాలాసేపు నిలబడ్డాను. చెబితే ఏమవుతుంది? సగం మంది దిగిపోతామంటారు. బయలుదేరడానికి ఒక్కరోజు ముందు మానుకుంటే ఓడ కంపెనీ ఒక్క రూపాయి వెనక్కి ఇవ్వదు, మనిషికి యాభై రెండు వేలు. అంత డబ్బు నేను ఇవ్వలేను, మీరు పోగొట్టుకోలేరు. చెప్పకపోతే? గాలి దారి మళ్లి అంతా బాగా జరగవచ్చు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఎక్కి, "అందరూ వచ్చారా, లెక్క చూసుకోండి" అని మాత్రం అన్నాను.

చెప్పకుండా ఉండటం తప్పు. వెళ్లాలా వద్దా అన్నది మీ నిర్ణయం, మీ డబ్బు, మీ మొక్కు. దాన్ని నేను నా చేతిలోకి తీసుకున్నాను. ఇప్పుడు ఎన్నిసార్లు తలచుకున్నా ఆ బస్సు మెట్టే కళ్ల ముందుకి వస్తుంది.

అయితే ఏజెంటు విషయంలో మాత్రం నేను తగ్గను. వాతావరణం బాగోలేదు, రేవులు మారవచ్చు, ప్రయాణికులకు తెలియజేయండి అని ఓడ కంపెనీ శుక్రవారం సాయంత్రమే అతనికి మెయిల్ పంపింది. నేను భూత్పూర్‌లో నిలబడి ఫోన్ చేసేసరికి ఆ మెయిల్ వచ్చి ఇరవై నాలుగు గంటలు దాటింది! నాకు పంపలేదు. అడిగినప్పుడు కూడా చెప్పలేదు. తిరిగొచ్చాక ఓడ కంపెనీ వాళ్లతో మాట్లాడితే ఆ మెయిల్ నకలు నాకు చూపించారు, తేదీ, సమయంతో సహా. ఐదేళ్లుగా అతనితో పని చేస్తున్నాను, అతని కూతురి పెళ్లికి చెన్నై వెళ్లి వచ్చాను. శుక్రవారమే తెలిసి ఉంటే శనివారం పొద్దున అందరినీ ఆఫీసుకి పిలిచి చెప్పేవాడిని, అది మీకూ నాకూ వేరేగా ఉండేది. ఇప్పుడు ఫోన్ చేస్తే "మీరు కూడా న్యూస్ చూశారు కదా సార్" అంటున్నాడు. నిజమే, చూశాను. నా తప్పు నేను మోస్తాను, అతని తప్పు అతను మోయాలి. ఇకపై అతనితో మన ట్రావెల్స్‌కి పని లేదు.

చాలామంది అడిగిన ప్రశ్న ఒకటుంది. బుధవారం మేము ఓడ పైన నిలబడితే ఎండ కాసింది, వాన చుక్క లేదు, అయినా కెప్టెన్ ఎందుకు ఆపలేదు? ఓడలో ఉన్నప్పుడు నాక్కూడా ఇదే కోపం వచ్చింది. మంగళవారం రాత్రి గది తలుపు కింద నుంచి కాగితం తోశారు, వాతావరణం వల్ల త్రింకోమలి రద్దు అని. నేను రిసెప్షన్‌కి వెళ్లి గొడవ పెట్టుకున్నాను. అక్కడి అధికారి ఓపికగా మ్యాపు తీసి చూపించి చెప్పిన తర్వాతే నాకు అర్థమైంది. మనం ఉన్నచోట ఎండ ఉండటానికి కారణం కెప్టెన్ ఓడను వాయుగుండానికి దూరంగా, దక్షిణాన ఉంచడమే. ఓడ గంటకి ముప్పై అయిదు కిలోమీటర్ల దాకా పోగలదు, వాయుగుండం మామూలుగా అందులో సగం వేగంతో కూడా కదలదు, కాబట్టి ఓడ తప్పించుకోగలదు. రేవు తప్పించుకోలేదు. పెద్ద తుపాను వస్తుంటే రేవులో ఉన్న ఓడల్ని కూడా బయటికి, నడిసముద్రంలోకి వెళ్లిపొమ్మంటారట.

ఇంకొకటి, ప్రమాదమంతా రేవులోకి దూరేటప్పుడే ఉంటుందట. ఓడ నీళ్ల పైన పది అంతస్తుల గోడలా ఉంటుంది. ఈదురుగాలి తగిలితే ఆ గోడంతా తెరచాపే, ఇరుకు దారిలో పక్కకి నెట్టేస్తుంది. ఆ రేవు లోతుపాతులు తెలిసిన స్థానిక పైలట్ చిన్న పడవలో ఎదురొచ్చి, తాడు నిచ్చెన పట్టుకుని ఓడలోకి ఎక్కాలి, అతను లేకుండా లోపలికి పోకూడదు. అలలు పెద్దగా ఉన్నప్పుడు ఆ చిన్న పడవ ఓడ పక్కన మనిషి ఎత్తు లేచి పడుతుంటుంది, నిచ్చెనకీ పడవకీ మధ్య కాలు పడితే మనిషి ఉండడు. గాలి ఎక్కడో మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా దాని అలలు ముందే వచ్చేస్తాయి, పైన ఎండ కాస్తూనే ఉంటుంది. సోమశిలలో మన జాలర్లు కృష్ణలో గాలి లేచిందంటే పుట్టి బయటికి తీయరు, ఎంత డబ్బిస్తామన్నా తీయరు. ఇదీ అంతే.

కెప్టెన్ మీద ఎవరూ ఒత్తిడి చేయడానికి వీల్లేదు కూడా. టైటానిక్ మునిగిన తర్వాత 1914లో పుట్టిన సోలాస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది. ప్రాణాల భద్రత కోసం కెప్టెన్ తీసుకున్న నిర్ణయాన్ని ఓడ యజమాని కూడా అడ్డుకోకూడదని ఇప్పుడు అందులో స్పష్టంగా రాసి ఉంది. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర ఏం జరిగిందో మనందరికీ గుర్తుంది. వరదలో పడవ తీయొద్దని ఆ రోజు ఎవరైనా గట్టిగా ఆపి ఉంటే ఎన్ని ఇళ్లు నిలబడేవో. ముప్పై ఎనిమిది మందిని ఇళ్లకు చేర్చాను. దర్శనం చేయించలేకపోయాను. కెప్టెన్ మీద నాకిప్పుడు కోపం లేదు. త్రింకోమలి పక్కా అని మీకు చెప్పడం మీదే నా కోపం. ఓడ టికెట్టు షరతుల్లోనే ఉంది, వాతావరణాన్ని బట్టి రేవులు మార్చవచ్చు, మానేయవచ్చు, పరిహారం ఉండదు, ఆగని రేవు తాలూకు పోర్టు ఛార్జీలు మాత్రమే తిరిగి వస్తాయి అని. పక్కా అనే మాటకి అక్కడ చోటే లేదు.

గురువారం తెల్లవారుజామున జరిగింది మాత్రం ఇక్కడ రాయాలి. గదిలో టీవీలో ఓడ ఎక్కడుందో మ్యాపు కనిపిస్తుంది కదా, ఓడ త్రింకోమలికి నేరుగా తూర్పున, ఒడ్డు కనపడనంత దూరంలో పోతోంది. వనపర్తి నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ నా తలుపు కొట్టి, "అమ్మవారు ఏ దిక్కున్నది బిడ్డా" అని అడిగింది. ఫోన్‌లో దిక్సూచి పెట్టి పడమర చూపించాను. ఆమె చేతిలో పసుపు పచ్చని గుడ్డలో ఒడిబియ్యం మూట, దాని మీద ఆకుపచ్చ చీర, గాజులు. రెయిలింగ్ దగ్గర నిలబడి, మూట విప్పి బియ్యం నీళ్లలో వేయబోతే ఓడ సిబ్బంది పరుగున వచ్చి ఆపారు, ఓడ మీద నుంచి ఏదీ సముద్రంలో వేయకూడదు. ఆమె వాళ్లని ఏమీ అనలేదు. మళ్లీ ముడి వేసుకుంది. గాలికి చీర కొంగు ఎగిరిపోతుంటే మూటని రెండు చేతులతో పొట్టకి అదుముకుని పడమర వైపే చూస్తూ నిలబడింది. నేను పక్కనే ఉన్నాను, ఏం మాట్లాడాలో తెలియలేదు.

తిరుగు ప్రయాణంలో అలంపురం చౌరస్తా దగ్గర బస్సు లోపలికి తిప్పించాను. చాలామంది శాంకరీ దేవికి తెచ్చిన ఒడిబియ్యం జోగులాంబమ్మకే పోసి మొక్కుకున్నారు. ఆ పెద్దమ్మ మాత్రం దండం పెట్టుకుని వచ్చేసింది. "ఆ తల్లికి మొక్కింది ఈ తల్లికి ఎట్ల పోస్త, ఇద్దరూ ఒక్కటే గాని మాట మాటే" అంది. మూట నా చేతిలో పెట్టింది.

డబ్బు సంగతి. త్రింకోమలిలో బస్సు, గైడు, అర్చన కోసం తీసుకున్న 3,200, నా సర్వీసు ఛార్జీ 2,500, పోర్టు ఛార్జీలు 2,900, మొత్తం మనిషికి 8,600 తిరిగి ఇస్తున్నాను. పోర్టు ఛార్జీల సొమ్ము ఓడ కంపెనీ ఏజెంటుకి వేసేసింది, అతను ఇంకా నాకు ఇవ్వలేదు. అది వచ్చేదాకా మిమ్మల్ని ఆపను, నా డబ్బే ఇస్తున్నాను. చెన్నైలో ఆ రోజంతా బస్సు ఆగినందుకు వెయిటింగ్ ఛార్జీ నాదే, ఎవరూ ఇవ్వనక్కర్లేదు. ఓడ టికెట్టు డబ్బు మాత్రం వెనక్కి ఇవ్వలేను, అంత స్తోమత లేదు. కొందరు "వద్దులే అన్నా, నీ తప్పేముంది" అంటున్నారు. దయచేసి వచ్చి తీసుకోండి, తీసుకోకపోతే నాకే నిద్ర పట్టదు. సోమవారం నుంచి ఆఫీసులో ఇస్తాం, ఆధార్ ఒక్కటి తెస్తే చాలు.

శ్రావణంలో మళ్లీ త్రింకోమలి వెళ్తున్నాం, ఈసారి ఓడలో కాదు. ఆ నెలల్లో అక్కడ ఎండాకాలం, సముద్రం నెమ్మదిగా ఉంటుంది, అయినా సరే ఓడ వద్దు. హైదరాబాద్ నుంచి విమానంలో కొలంబో, అక్కడి నుంచి బస్సులో, మధ్యలో ఒక రాత్రి బస, మోకాళ్ల నొప్పులున్న వాళ్ల కోసమే ఆ బస పెట్టాను. విమానమంటే భయమున్న వాళ్లు ఒకసారి ఆఫీసుకి వచ్చి నాతో మాట్లాడండి, మీ పక్క సీటులో నేనే కూర్చుంటాను. ఆ ముప్పై ఎనిమిది మందికి ఖర్చు ఎంతయితే అంతే, నా లాభం ఒక్క రూపాయి వేసుకోను. వాతావరణం గురించి ఏ వార్త వచ్చినా, చిన్నదైనా, అదే గంటలో మన వాట్సాప్ గ్రూపులో పెడతాను, వెళ్లాలా వద్దా మీరే చెప్పండి. పాస్‌పోర్టు గడువు ఆరు నెలలకు పైగా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

పెద్దమ్మ మూట ఆఫీసులో దేవుడి పటాల ముందు ఉంది. చీర, గాజులు అలాగే ఉన్నాయి. బియ్యం మాత్రం శ్రావణానికి కొత్తవి కలుపుతానని, అప్పటిదాకా ఆ ముడి ఎవరూ విప్పొద్దని ఆమె నిన్న ఫోన్ చేసి మరీ చెప్పింది.