మంత్రి గారూ, నా పేరు పిలిచారట!

ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక పింఛన్లు చూసే గౌరవ మంత్రి గారికి,

నమస్కారమండీ. వచ్చే బుధవారం నన్ను మళ్ళీ ఆసుపత్రికి రమ్మని నోటీసు వచ్చింది. దివ్యాంగుల పింఛను రీవెరిఫికేషన్. ఇది మూడోసారి. మొదటి రెండుసార్లు ఏం జరిగిందో కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల్లో రెండుసార్లు రాసిచ్చాను, ఎంపీడీవో ఆఫీసులో ఒకసారి ఇచ్చాను. ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో అందులో లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు కదా, ఇక్కడ శంఖం ఊదుతున్నదే చెవిటిది.

అవునండీ, నాకు చెవుడు. కాగితాల్లో వినికిడి లోపం అని రాస్తారు, ఊళ్ళో చెవిటి మేళం అంటారు. రెండూ అలవాటైపోయాయి. పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్ళయిన రెండేళ్ళకు మెదడువాపు జ్వరం వచ్చి, చావు తప్పి ఇంటికొచ్చాను. వినికిడి మాత్రం ఆ మంచం మీదే పోయింది. ఆ తర్వాత పుట్టిన మావాడి గొంతు ఎలా ఉంటుందో నాకు తెలీదు. కానీ అప్పటికే వచ్చిన మాట కదా, అది పోలేదు. అదే ఇప్పుడు నా కొంప ముంచింది.

మొదటిసారి పిలిచింది ఏప్రిల్‌లో. ఆరింటి బస్సు పట్టుకుని తొమ్మిదిలోపే చేరాం. తోడుగా మావాడొచ్చాడు, ఇంటర్ చదువుతున్నాడు. పింఛనుదారులు తప్ప ఎవరూ లోపలికి వెళ్ళకూడదని సెక్యూరిటీ ఆయన వాణ్ణి గేటు దగ్గరే ఆపేశాడు. లోపల హాలు నిండా జనం. కుర్చీలు చాలక సగం మంది గోడకానుకుని కింద కూర్చున్నారు. తలుపు దగ్గర ఒకాయన లిస్టు పట్టుకుని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తున్నాడు. నోటితో. అది చెవుల డాక్టర్ గారి గది అయ్యా! ఆ హాల్లో ఉన్నవాళ్ళు వినపడదనే కదా వచ్చింది!

ఆయన పెదాల వంకే చూస్తూ కూర్చున్నాను. పెదాలు చూసి మాట పట్టుకోవడం నాకు కొంత వచ్చు. కానీ ఆయన లిస్టు చూడ్డానికి తల దించుతాడు, దించే పిలుస్తాడు. ఒక్కోసారి తలుపులోకి తిరిగి లోపలివాళ్ళతో మాట్లాడుతూ పిలుస్తాడు. ఎవరూ లేవకపోతే పెన్నుతో ఏదో కొట్టి తర్వాతి పేరుకు వెళ్తాడు. పక్కన కూర్చున్న పెద్దాయన నా మోచెయ్యి తట్టి, నోరు చూపించి, వేలితో తనను చూపించుకున్నాడు. నా పేరు పిలిచారా అని. ఆయన పేరు నాకేం తెలుసు, తెలిసినా ఎలా వినపడుతుంది? ఇద్దరం నవ్వుకున్నాం. బాత్రూంకు కూడా లేవకుండా ఒకటిన్నర దాకా అలాగే చూశాను. హాలు ఖాళీ అయ్యాక దగ్గరికెళ్ళి నోటీసు చూపిస్తే, నా పేరు మీద ఎర్రగీత, పక్కన ‘ఆబ్సెంట్’. మూడుసార్లు పిలిచాడట. గట్టిగానే పిలిచాడట.

మే ఒకటో తారీఖున వీధిలో అందరికీ పింఛను వచ్చింది, నాకు రాలేదు. ‘అక్కా, నీది హోల్డ్‌లో పెట్టారు, నువ్వు వెరిఫికేషన్‌కు పోలేదంట’ అని సచివాలయం అమ్మాయి ఫోన్లో టైపు చేసి చూపించింది. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్లకు తోచింది చూడండి, టైపు చేసి చూపించాలని.

జూన్‌లో రెండోసారి. ఈసారి గొడవపడి మావాణ్ణి కూడా లోపలికి తీసుకెళ్ళాను. డాక్టర్ గారు మాస్కు పెట్టుకున్నారు. పెదాలు కనపడాలి సార్, తీయండి అంటే పాపం కిందికి లాగారు. పేరు, ఊరు, ఏం పని చేస్తావు? ఏ ఆఫీసుకెళ్ళినా మొదటి మూడు ప్రశ్నలు ఇవే, వాటికి చెవులతో పని లేదు. చెప్పేశాను. నాలుగోది కంప్యూటర్ వైపు తిరిగి అడిగారు. ఐదోది అడిగేసరికి మాస్కు మళ్ళీ పైకి పోయింది. వాటికి నేను జవాబు చెప్పలేదు. అది మాత్రం ఎక్కడా రాసుకోలేదు. ‘మాట స్పష్టంగా ఉంది, అడిగినవి అర్థమవుతున్నాయి’ అని ఎక్కించారని మావాడు నోట్‌బుక్కులో రాసి చూపించాడు.

ఇంతలో నా వెనక ఎవరో స్టీలు ట్రే కింద పడేశారు. నేను ఉలిక్కిపడ్డానట. పడనా మరి? చెప్పులు బయట విప్పి వచ్చాను, పాదాల కింద బండ అదిరింది. ఇరవై ఏళ్ళుగా కుట్టుమిషన్ తొక్కుతున్నాను. దారం తెగినా, సూది ఇరుక్కున్నా చప్పుడుతో పని లేకుండా అరచేతికే తెలిసిపోతుంది నాకు. అది చెప్పబోతే, ‘మిషన్ కుట్టుకుంటున్నావుగా, ఇంకేంటి’ అన్నట్టు చెయ్యి తిప్పారు.

తర్వాత హెడ్‌ఫోన్లు పెట్టి, బీప్ వినపడితే చెయ్యెత్తమన్నారు. గది తలుపు తెరిచే ఉంది, జనం వస్తూ పోతూ ఉన్నారు. నా చెవుల్లో పగలూ రాత్రీ ఈల మోగుతూనే ఉంటుంది, వినికిడి పోయినా ఆ దరిద్రం పోలేదు. బీప్ అదో ఇదో తెలీక ఒకటి రెండుసార్లు చెయ్యెత్తాను. ఒకసారి ఎత్తి ఒకసారి ఎత్తకపోతే నటిస్తున్నట్టేనట. చెయ్యెత్తే పని లేకుండా తలకు వైర్లు అంటించి చేసే బెరా పరీక్ష చేయించండి సార్ అని అడిగాను. తర్వాతి పేరు పిలిచారు.

ఆగస్టులో వచ్చిన నోటీసులో నా వైకల్యం 35 శాతమే అని ఉంది. 2011లో సదరం క్యాంపులో ఇచ్చిన సర్టిఫికెట్‌లో 78, పక్కన ‘శాశ్వతం’ అని కూడా ఉంది. ఏ మందూ వాడకుండా నా చెవులు సగానికి పైగా బాగయ్యాయన్నమాట. ఆ వైద్యమేదో చెబితే మిగతాది కూడా నయం చేసుకుని, మీ ఆరు వేలూ మీకే వదిలేస్తాను.

కోపంతో అన్నాను, మన్నించండి. 500 రూపాయల రోజుల నుంచి ఈ పింఛను తీసుకుంటున్నదాన్ని. 2024 జులైలో మూడు వేలు ఒక్కసారిగా ఆరు వేలైనప్పుడు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. ఆ 35 శాతం నోటీసు మీద అప్పీలు పెట్టాక ఆపకుండా ఇస్తున్నారు, అదీ కాదనను. దొంగ సర్టిఫికెట్లు ఏరేయడం కూడా తప్పని ఎవరంటారు? మాకు తెలిసినాయన ఒకడు చెవుడు కోటాలో పింఛను తీసుకుంటూ, చెవిలో బ్లూటూత్ పెట్టుకుని రోజంతా ఫోన్లో బేరాలాడతాడు. వాణ్ణి పట్టుకోండి, నేనే స్వీట్లు పంచుతాను. కానీ పేరు పిలిస్తే వాడు ఠక్కున లేచి వెళ్ళాడు, నేను ఆబ్సెంట్ అయ్యాను. మీ పరీక్షలో ఎవరు పాసవుతారో మీరే చూసుకోండి.

2016 చట్టంలో లెక్క స్పష్టంగానే ఉంది కదండీ. రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ పోతే బధిరులు, 60 నుంచి 70 అయితే వినికిడి తక్కువ. డెసిబెల్స్ అంటే మిషన్‌తో, తలుపేసిన గదిలో కొలిచేవి. మూడు ప్రశ్నలతో, ఒక ట్రేతో తేలేవి కావు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. నా అర్జీ ‘పరిష్కరించబడిన’ వారానికి కాల్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది, పరిష్కారంతో సంతృప్తి చెందారా అని. మావాడు ఎత్తి, అమ్మకు వినపడదండీ, అర్జీయే దాని గురించి అన్నాడట. అర్జీదారుతోనే మాట్లాడాలన్నారట. వాడు ఫోన్ నా చెవి దగ్గర పెట్టాడు. ఎవరో ఏదో అడిగి ఉంటారు. నేను ‘నాకు వినపడదండీ’ అన్నాను. సంతృప్తి కింద రాశారో, అసంతృప్తి కింద రాశారో!

అయ్యా, పింఛను ఉంచండి అని అడుక్కోవడానికి రాయడం లేదు. నిజానికి అదీ ఉంది, మావాడి కాలేజీ ఫీజు అందులోంచే పోతుంది, దాచుకోను. కానీ ముందు సరిగ్గా పరీక్ష చేయించండి. మాస్కు తీసి నా వైపు చూసి అడగమనండి, లేదా కాగితం మీద రాసి అడగమనండి. సైగల భాష వచ్చినాయన్ని పెడతామంటారేమో, పుట్టుకతో వినపడనివాళ్ళకు తప్పకుండా పెట్టండి, నాకైతే ఆ భాష రాదు. తోడు వచ్చినవాళ్ళను గేటు దగ్గర ఆపొద్దు. బెరా చేయించండి. బ్యాంకులో ఉన్నట్టు గోడకు టోకెన్ నంబర్లు వెలిగే బోర్డు పెట్టండి. అదీ కుదరకపోతే ఒక పలక, సుద్దముక్క నేనే కొనిస్తాను.

ఈ ఉత్తరం మీ దాకా వస్తుందో రాదో, వచ్చినా బుధవారంలోపు మీరు ఏమైనా చేయగలరో లేదో. ఒక్క ఫోన్ ఆ హాలు దాకా వెళ్ళినా చాలు. పొద్దున తొమ్మిదికల్లా నేను అక్కడే ఉంటాను. తలుపుకు ఎదురుగా, ముందు వరుసలో, ఆకుపచ్చ చీరలో. పిలిచే ఆయన్ని నా పేరు పిలవొద్దని చెప్పండి. వచ్చి భుజం తడితే లేస్తాను.

ఇట్లు,
మీ లిస్టులో ఆబ్సెంట్ అయిన ఒక పింఛనుదారు