చందా గడువు తీరితే మా లెక్కలకు తాళమా?

తిరుపతి,
03-11-2025

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: మీ క్లౌడ్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో గడువు తీరగానే పాత లెక్కలు మూసేయడం, బిల్లు నంబర్లు, క్రెడిట్ నోట్లు, చందా పెంపు గురించి.

నమస్కారం.

గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు పరిసరాల్లో ఇత్తడి పాత్రలు, పూజాసామగ్రి అమ్మే కొన్ని అంగళ్ల తరఫున, వాళ్ల జీఎస్టీ లెక్కలు చూసేవాళ్లం ఈ లేఖ రాస్తున్నాం. క్లౌడ్ మీద, అంటే లెక్కలు మీ సర్వర్లో ఉండి నెట్ ద్వారా నడిచే పద్ధతి మీద, మాకు కోపమేమీ లేదు. సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు పాత ప్యాకేజీలు వాడేవాళ్లు ఒక్కో ఐటమ్ తెరిచి 12 శాతాన్ని 5గా దిద్దుకుంటూ కూర్చున్నారు. మీ దాంట్లో తెల్లారేసరికి అన్నీ మారి ఉన్నాయి. గోదాములో సరుకెంత ఉందో కౌంటర్లోనే కనబడుతుంది. ఇవన్నీ కాదనం. మా తగాదా అంతా మీరు పెట్టిన షరతులతోనే.

అన్నిటికన్నా పెద్దది ముందు చెబుతాం. గడువు తీరిన మర్నాడు లాగిన్ అయితే ‘రెన్యూ చేయండి’ అనే తెర తప్ప ఇంకేమీ రాదు. కొత్త బిల్లు కొట్టనివ్వకపోతే అది మీ హక్కు. పాత బిల్లు, పాత ఖాతా, ఎవరు ఎంత బాకీ ఉన్నారనేది కూడా చూడనివ్వకపోవడం ఏం పద్ధతి? అద్దె బాకీ పడితే అంగడి ఖాళీ చేయమనండి, సరుకు లోపల ఉంచేసి తాళం వేస్తామంటే ఎవరూ ఒప్పుకోరు. సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం 36వ సెక్షన్ ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు భద్రపరచాలి. అంటే 2024-25 లెక్కలు 2031 డిసెంబరు దాకా ఉండాలి. అధికారి అడిగినరోజు చూపించాల్సింది అంగడాయన. ‘కంపెనీవాళ్లు తెరవనివ్వడం లేదు సార్’ అంటే వినేవాళ్లుండరు. మీ పద్ధతే సాగితే వ్యాపారం మూసేసినవాడు కూడా ఆరేళ్లపాటు మీకు చందా కట్టాలి.

డేటా దించుకోవచ్చు కదా అని మీ సిబ్బంది జవాబిచ్చారు. దిగేదేమిటో ఒకసారి మీరే చూడండి. బిల్లులు పీడీఎఫ్‌లో వస్తాయి, వాటిని ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించలేం. పార్టీల (కొనేవాళ్లు, అమ్మేవాళ్ల) జాబితా ఎక్సెల్‌లో వస్తుంది, కానీ ఏ రసీదు ఏ బిల్లుకు జమ అయిందో అందులో ఉండదు. పుత్తూరు, నగరి, శ్రీకాళహస్తి అంగళ్లకు అప్పు మీద సరుకు వేసేవాళ్లకు ఆ ముడి తెగితే మొత్తం బాకీ తెలుస్తుందిగానీ ఎన్నాళ్లనాటిదో తెలియదు. ఇంకో చిక్కు, ఎక్సెల్‌లో తెరవగానే పసుపు హెచ్ఎస్ఎన్ (సరుకు రకాన్ని తెలిపే కోడ్) 0910 ముందున్న సున్నా ఎగిరిపోయి 910 అవుతుంది. 1-12 అనే బిల్లు నంబరు తేదీగా మారిపోతుంది. ఆ కాలమ్‌లను టెక్స్ట్‌గా పంపితే చాలు, ఈ గొడవ ఉండదు. మీ ప్రోగ్రామర్‌కు పూట పని కూడా కాదు.

మాకు కావలసింది ఇది: ఐటమ్ మాస్టర్ (సరుకులు, వాటి రేట్ల పట్టిక), పార్టీ మాస్టర్, ప్రారంభ నిల్వలు, తేదీలవారీగా అన్ని వోచర్లు, వాటిలో జీఎస్టీఐఎన్ (జీఎస్టీ నమోదు నంబరు), సప్లై జరిగిన రాష్ట్రం, పన్ను విభజన, బిల్లుకు రసీదుకు ఉన్న ముడి, ఇవన్నీ సీఎస్‌వీలోనో ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోనో ఒకే నొక్కుతో దిగాలి. గడువు తీరాక కూడా చదవడానికి మాత్రం 72 నెలలు తెరిచి ఉంచాలి.

రెండోది బిల్లు నంబర్లు. పెరటాసి (తమిళ నెల) శనివారాల్లో తిరుమల కొండకు వచ్చిపోయే జనం పెరిగి నెట్ మొరాయిస్తే మీ యాప్ ఆఫ్‌లైన్‌కు పోతుంది. అక్కడిదాకా మంచిదే. కానీ రెండు కౌంటర్లూ ఒకే సిరీస్‌లో, చివరగా సింక్ అయిన నంబరు తర్వాతి నుంచి బిల్లులు కొడతాయి. ఇద్దరు కొనుగోలుదారుల చేతికి ఒకే నంబరు బిల్లు పోతుంది. నెట్ వచ్చాక మీ సర్వర్ ఒకదాని వెనక చిన్న గీత, ఒక అక్షరం, ఒక అంకె తగిలిస్తుంది. మూడక్షరాల ఊరి పేరు, గీత, 25-26, మళ్లీ గీత, అయిదంకెల వరుస సంఖ్య, అన్నీ కలిపి 15. మీరు తగిలించిన మూడూ కలిస్తే 18. సీజీఎస్టీ రూల్ 46 ప్రకారం నంబరు 16 అక్షరాలు దాటకూడదు కాబట్టి జీఎస్టీఆర్-1లో (అమ్మకాల రిటర్నులో) జీఎస్టీ పోర్టల్ దాన్ని తిప్పికొడుతుంది. చేత్తో కుదించి ఎక్కిస్తే కొన్నవాడి చేతిలోని కాగితానికి, వాడి జీఎస్టీఆర్-2బీలో (కొనుగోళ్ల మీద దక్కే పన్ను క్రెడిట్ పట్టికలో) కనబడేదానికి పొంతన ఉండదు. పరిష్కారం ఆ రూల్‌లోనే ఉంది, ఒకటికి మించి సిరీస్‌లు వాడుకోవచ్చు. ఊరి పేరు తీసేసి కౌంటరుకో అక్షరం ముందు పెడితే 13తో సరిపోతుంది, ఎన్ని గంటలు నెట్ లేకపోయినా నంబర్లు ఢీకొనవు.

ఇక సరుకు వాపసు వచ్చినప్పుడు బిల్లు తగ్గిస్తూ ఇచ్చే క్రెడిట్ నోటు సంగతి. సెప్టెంబరు 15న 2,000 రూపాయల ఇత్తడి దీపపు కుందులు 12 శాతంతో 240 పన్ను వేసి పంపారనుకోండి. 25న అవి వాపసు వస్తే మీ సాఫ్ట్‌వేర్ 5 శాతం లెక్కన 100 మాత్రమే తగ్గిస్తుంది. కారణం, అది రేటును అసలు బిల్లు నుంచి కాక ఆనాటి ఐటమ్ మాస్టర్ నుంచి తీసుకుంటోంది. మిగిలిన 140 అమ్మినవాడి నెత్తిన పడుతుంది. అసలు బిల్లు నంబరు ఇవ్వగానే రేటు కూడా అందులోంచే రావాలి.

ఇక డబ్బు విషయం. ఏడాదికి 7,200 ఉన్న చందాను 10,800 చేశారు, పన్నుతో 12,744. ఆటోపే మ్యాండేట్ (ఖాతాలోంచి చందా దానంతటదే కోసుకునే అనుమతి) పెట్టేటప్పుడే గరిష్ఠ పరిమితి 15,000 అని రాయించుకున్నారు కాబట్టి, రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఆ లోపు మొత్తానికి ఓటీపీ అడగరు. డబ్బు కోతకు 24 గంటల ముందు వచ్చే మెసేజీ ఒక్కటే సమాచారం. అంగడి రద్దీలో దాన్ని ఎవరు చూస్తారు? ధర పెరిగితే నెల ముందు మీరే రాయాలి, ఒప్పుకున్నాకే కోయాలి. పైగా మీ బిల్లులో మా అంగళ్ల జీఎస్టీఐఎన్ వేయలేదు. అది 2బీలోకి రాదు, 1,944 రూపాయల ఇన్‌పుట్ క్రెడిట్ (మేం కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే మొత్తం) పోయినట్టే. దిద్దిన బిల్లులు వెంటనే ఇవ్వండి.

కొత్తగా పెట్టుకోవచ్చా అని అడిగేవాళ్లకు మేం ఇప్పుడు చెబుతున్నది కూడా మీకు తెలియాలి. రెండు మూడు కౌంటర్లు, వేరే చోట గోదాము ఉంటే క్లౌడ్ పెట్టుకోండి, అయితే కొనేముందే ట్రయల్‌లో మొత్తం డేటా దించి చూడండి, నెలనెలా ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో దాచండి అంటున్నాం. ఒక్క కంప్యూటరుతో కాంపోజిషన్‌లో (అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారుల పద్ధతిలో) నడిచే అంగడికి వద్దనే చెబుతున్నాం. వాళ్లకు మీ 18 శాతం పన్ను తిరిగి రాదు, ఒకసారి డబ్బు కట్టి కొనుక్కునే ప్యాకేజీలో కంప్యూటరు నడిచినన్నాళ్లు పాత లెక్కలు తెరుచుకుంటాయి.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. టికెట్ నంబరుతో వచ్చే యాంత్రిక సమాధానం జవాబుగా లెక్కపెట్టం. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాం. వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులు కారని మీ వకీలు అనవచ్చు. సొంత కష్టంతో బతుకుతెరువు కోసం కొన్నవాళ్లకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(7) సెక్షన్ వివరణలో మినహాయింపు ఉంది, మా అంగళ్లలో ఎక్కువ భాగం అలాంటివే.

ఫోను చేయదలిస్తే పదకొండో తేదీ, ఇరవయ్యో తేదీ తప్పించి చేయండి. ఆ రోజుల్లో రిటర్నుల పని ఉంటుంది. లెక్కలు తెలిసిన మనిషితో మాట్లాడించండి.

ఇట్లు,
అంగళ్ల తరఫున, లెక్కలు చూసేవాళ్లు

జతపరిచినవి: ఒకే నంబరుతో ఉన్న బిల్లుల జతలు, పోర్టల్ తిప్పికొట్టిన సందేశం ప్రతి, క్రెడిట్ నోటు, దాని అసలు బిల్లు, జీఎస్టీఐఎన్ లేని మీ చందా బిల్లులు.