చౌక పిస్టళ్లపై ఫిర్యాదుల గురించి మా కొనుగోలుదారులకు

డాలస్ ప్రాంతంలోని మా దుకాణంలో 300 డాలర్ల లోపు పిస్టల్ కొన్నవారు కొందరు, వారిలో మన తెలుగువారూ ఉన్నారు, ఈ మధ్య ఒకే తరహా ఫిర్యాదుతో తిరిగి వస్తున్నారు. కాల్చిన తరువాత ఖాళీ షెల్ బయటపడక, పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే స్లైడ్‌లో ఇరుక్కుంటోందని, లేదా తరువాతి తూటా అది పేలే గది అయిన చాంబర్‌లోకి సరిగా ఎక్కడం లేదని చెప్పి, లోపం తుపాకీదా తమదా అని అడుగుతున్నారు. ఆ ధరకు అంతే వస్తుందని సర్దిచెప్పడమూ, మీకు పట్టుకోవడం రాలేదని తేల్చేయడమూ అమ్మేవాడికి సమానంగా సులభం. మేము రెండూ చేయదలుచుకోలేదు.

మా కౌంటర్‌కు వచ్చే జామ్‌లలో ఎక్కువ భాగం పట్టు, తూటాల రకం, నూనె అనే మూడింటి దగ్గరే తేలిపోతాయన్నది నిజం. తూటా పేలినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే శక్తితోనే స్లైడ్ వెనక్కి వెళ్లి, ఖాళీ షెల్‌ను విసిరేసి, కొత్త తూటాను ఎక్కించుకుంటుంది. మణికట్టు వదులుగా ఉంటే చేత పట్టే కింది భాగమైన ఫ్రేమ్ కూడా స్లైడ్‌తో పాటే వెనక్కి కదులుతుంది కనుక, స్లైడ్ తన దూరాన్ని పూర్తి చేయలేక మధ్యలోనే తిరిగి వస్తుంది. స్లైడ్‌ను లాగి వదిలేయకుండా చేత్తో మెల్లగా ముందుకు దించడం తూటాను సరిగా ఎక్కనివ్వని మరో అలవాటు. ఓహైయోలో తయారయ్యే హై-పాయింట్ సీ9 అనే చౌక పిస్టల్‌లో పేలుడు శక్తిని ఆపేది జింక్ మిశ్రమపు స్లైడ్ బరువు, స్ప్రింగ్ బిగువు మాత్రమే కాబట్టి, ఆ స్లైడ్‌ను లాగడమే కొత్తవారికి కష్టం, మెల్లగా దించాలన్న ఆశా అక్కడే ఎక్కువ. కాలేజీ ఎన్‌సీసీలో రైఫిల్ పట్టిన అనుభవం ఇందుకు అక్కరకు రాదని కూడా చెప్పాలి.

అయితే అదే వదులు పట్టును ఖరీదైన పిస్టళ్లు చాలావరకు సహించి పనిచేస్తాయి. చౌక రకాలలో తనిఖీకి, నునుపుదనానికి పెట్టే ఖర్చు తక్కువ కాబట్టి, ఒకే మోడల్‌లో ఒకటి ఏ తూటానైనా కాల్చేస్తే, పక్క పెట్టెలోనిది మొండికేస్తుంది. తూటాలు నింపి పిడిలో పెట్టే మ్యాగజైన్ పైఅంచులు కొద్దిగా వంగినా తూటా కోణం మారిపోతుంది. మా అనుభవంలో నిజమైన లోపాలు ముందుగా కనిపించేది అక్కడే. కాబట్టి తయారీదారు ప్రతిసారీ వాడేవారి పొరపాటు అనడాన్ని మేము ఒప్పుకోము.

పేలకపోవడం వేరు, పేలకూడనప్పుడు పేలడం వేరు. దానంతట అదే పేలిందన్న ఫిర్యాదులలో చాలావాటి వెనుక ట్రిగ్గర్‌పై వేలు ఉంటుంది, కానీ కింద పడినందుకు పేలిన పిస్టల్‌కు, పేలకుండా ఆపే సేఫ్టీ మీట వేసి ఉన్నా పేలిన పిస్టల్‌కు వాడినవారిని నిందించే వీలే లేదు. బ్రెజిల్ కంపెనీ టారస్‌పై సరిగ్గా ఈ ఆరోపణలతోనే 2013లో మయామీ ఫెడరల్ కోర్టులో దావా పడగా, ఆ కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 9 మోడళ్ల విషయంలో 2015లో రాజీకి వచ్చింది. ఇక్కడ మరో సంగతి: 1972 నాటి వినియోగ వస్తువుల భద్రతా చట్టం తుపాకులను తన పరిధిలో చేర్చలేదు, అందువల్ల బొమ్మను వెనక్కి రప్పించగల ఫెడరల్ కమిషన్‌కు పిస్టల్‌ను రప్పించే అధికారం లేదు. తయారీదారు కదిలితే తప్ప రీకాల్ ఉండదు; అందుకే అమ్మేవారు చెవిన వేసుకోవాల్సిన ఫిర్యాదులు ఇవి.

ఇకపై మేము చేసేది ఇది. మీ పిస్టల్‌ను మా రేంజ్‌లో మీరూ, మా మనిషీ, మీ మ్యాగజైన్‌తోనూ కొత్త మ్యాగజైన్‌తోనూ, మేమిచ్చే ఫ్యాక్టరీ తూటాలతో, ఉచితంగా కాల్చి చూస్తాం. జామ్ మీ చేతిలోనే వస్తే ఆ పూటే పట్టు నేర్పిస్తాం, మీ మ్యాగజైన్ పెట్టినప్పుడే వస్తే దాన్ని మారుస్తాం, ఎవరు కాల్చినా వస్తే మా ఖర్చుతో తయారీదారుకు పంపుతాం. బాగుచేసిన పిస్టల్‌ను, లేదా బదులుగా అదే రకం మరొకదాన్ని, కంపెనీ నేరుగా మీకే పంపేందుకు ఫెడరల్ చట్టం అనుమతిస్తుంది. కింద పడి పేలిందని చెబితే మాత్రం పరీక్ష కోసం కూడా అందులో తూటా వేయము, సరాసరి కంపెనీకే పంపుతాం. తూటాలు పూర్తిగా తీసేసిన పిస్టల్‌ను పెట్టెలో పెట్టుకుని, జామ్ అయిన మ్యాగజైన్‌నూ, వాడిన తూటాల డబ్బానూ తప్పకుండా వెంట తీసుకురండి. అవి ఇంట్లో వదిలేసి వస్తే పరీక్ష సగమే జరుగుతుంది.